ముగ్గు లేని వాకిలి

మా నాయన మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు. ఆయన పోయి ఇన్నేళ్ళయినా పోలేదు. చెడ్డవాడని కాదు. మంచివాడే, ఆ మంచితనంతోనే మా తల ప్రాణం తోకకు తెచ్చాడు.

నేను నెల్లూరు వైపు ఒక మిషను కాంపౌండులో పుట్టి పెరిగాను. నాకు పదేళ్ళప్పుడు మిషను దొర మా నాయనను ఉపదేశిగా పుదుచ్చేరికి పంపాడు. అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయట, వాళ్ళకు సువార్త చెప్పేవాళ్ళు లేరట. విల్లుపురంలో రైలు మారి వెళ్ళాం. సరిహద్దులో సుంకం జవాన్లు మా ట్రంకు పెట్టె బోర్లించి, సువార్త పుస్తకాల్లో ఏదో దాచామన్నట్టు పేజీ పేజీ తిప్పారు. ఫ్రెంచివాళ్ళ రాజ్యం, ఎర్ర టోపీల పోలీసులు, ఒక్క ముక్క అర్థం కాని మాటలు. ఆ ప్రయాణంలోనే అమ్మకు జ్వరం తగిలి పాలు ఎండిపోయాయి. చంకలో ఐదు నెలల తమ్ముడు.

పుదుచ్చేరిలో ఒర్లియంపేట అనే చోట ఒక ఇరుకు వీధిలో ఇల్లు దొరికింది. ఆ వీధికి ఒకామె ఆవును తోలుకొచ్చి, ఇంటింటి ముందు నిలబెట్టి, కళ్ళెదుటే పాలు పితికి ఇచ్చేది. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం పలుపు గట్టిగా లాగి, ఆవును ఒక్క క్షణం కూడా ఆగనివ్వకుండా దాటించేసేది. అమ్మ చెంబు పట్టుకుని వెంటపడితే తల అడ్డంగా ఊపి, అరవంలో ఏదో జాలిగా చెప్పి వెళ్ళిపోయేది. అమ్మకు అరవం రాదు. బజారు పాలు సగం నీళ్ళు, అవి తాగితే తమ్ముడికి విరేచనాలు. చివరికి బియ్యప్పిండి జావ కాచి పోయడం మొదలుపెట్టింది. వాడు రోజురోజుకూ చిక్కిపోయాడు.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ అంతే. బావి దగ్గర మమ్మల్ని చూస్తే గొంతు తగ్గించేవాళ్ళు. ఒక్కరూ మా గడప తొక్కలేదు. నాయన కాలికి బలపం కట్టుకుని చుట్టుపక్కల వీధులన్నీ తిరిగేవాడు. లోపలికి రమ్మన్న ఇల్లు ఒక్కటీ లేదు. దానికి ఆయన బాధపడి ఉంటే బాగుండేది. సంతోషించాడు. ప్రభువు కోసం హింస పడుతున్నామని, ఇది మన భాగ్యమని సాయంత్రం ప్రార్థనలో కృతజ్ఞతలు చెప్పేవాడు. ఆ ప్రార్థన పొడుగునా తమ్ముడు ఆకలికి ఏడుస్తూనే ఉండేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

నెలన్నర గడిచాక ఒక పొద్దున బావి దగ్గర పక్కింటి అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. ఆమెది తెలుగే, అరవం కలిసిన తెలుగు.

"మీ ఇంట్లో పోయింది ఎవురు అమ్మీ? ఇన్ని దినాలైనా మైల తీరలేదా?"

ఎవరూ పోలేదన్నాను.

"మరి వాకిట్లో ముగ్గు యాడ?"

అప్పుడు తెలిసింది. ఆ వీధిలో తెల్లారేసరికి ప్రతి వాకిట్లో ముగ్గు పడాలి. పడలేదంటే ఆ ఇంట్లో చావు జరిగినట్టు. అలాంటి ఇంటి ముందు పితికితే ఆవు వట్టిపోతుందని పాలామె భయం. ఎక్కడో ఎవరో పోయిన మైలతోనే ఈ ఊరు వచ్చామనుకుని, కదిలించకూడదని మిగతావాళ్ళ మర్యాద. పైగా మైల మనిషి ఇల్లిల్లూ తిరుగుతున్నాడేమిటని మా నాయనను చూసి వీధంతా విస్తుపోతోందట. మమ్మల్ని ఎవరూ హింసించలేదు. మాకు లేని దుఃఖాన్ని గౌరవించారు, అంతే. మా కాంపౌండులో ముగ్గు అన్యుల ఆచారమని ఎవరూ వేసేవాళ్ళు కాదు. అందరూ మాలాంటివాళ్ళే కాబట్టి అక్కడ ఆ లోటు ఎవరి కంటా పడలేదు.

పరుగెత్తుకెళ్ళి చెప్పాను. నాయన మొహం మాడిపోయింది, పడుతున్న హింస కాస్తా చేజారినందుకే అనుకుంటాను. ముగ్గు వేయడం పాపమో కాదో తాను తేల్చలేనని, దొరను అడగాలని అన్నాడు. మూడు పేజీల ఉత్తరం రాశాడు. ఇంత చిన్న సంగతికి నన్నడగాలా, మీకు తోచినట్టు చేసుకోండి అని దొర జవాబు ఎప్పటికో వచ్చింది. అప్పటికి దాంతో మాకు పని లేకుండా పోయింది.

పది రోజులు టపా కోసం కాచుకున్నాం. తమ్ముడు ఏడవడం మానేశాడు, ఏడవడానికి ఓపిక లేక. పదకొండో రోజు తెల్లారకముందే అమ్మ జావ కోసం ఉంచిన పిండి డబ్బా తీసుకుని వాకిట్లోకి వెళ్ళింది. నీళ్ళు చల్లి, నడుం వంచి, చుక్కలు పెట్టి, చకచకా కలిపేసింది. మా అమ్మకు ముగ్గు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నాయన గుమ్మంలో నిలబడి, ఉత్తరం రానిమ్మన్నాడు.

"ముగ్గేస్తే దేవుడు అలుగుతాడో లేదో నాకు తెలీదు. బిడ్డకి పాలు కావాల," అంది అమ్మ, తల ఎత్తకుండానే.

ఆ పొద్దున ఆవు మా ఇంటి ముందు ఆగింది. గుప్పెడు పిండితో అయ్యే పని. పాలామె చెంబు నిండా పితికి, మొదటి రోజని పైన ఇంకొంచెం పోసింది. తమ్ముడు రెండు రోజులు తాగాడు. మూడో రోజు నుంచి ఏం పోసినా కడుపులో నిలవలేదు. అవ్వ కషాయం కాచి తెచ్చింది, నాయన డాక్టరును పిలుచుకొచ్చాడు. ఏడో రోజు కోడి కూసే వేళకు వాడు పోయాడు.

అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆ వారమంతా చేసినట్టు వాకిట్లో నీళ్ళు చల్లలేదు, ముగ్గు వేయలేదు. మేం ఎవరికీ కబురు చెప్పలేదు, ఎవరికి చెప్పాలో కూడా తెలియలేదు. వెలుగొచ్చేసరికి పక్కింటి అవ్వ లోపలికి వచ్చింది. వెనకే ఎదురింటివాళ్ళు, తర్వాత వీధిలో ఆడవాళ్ళంతా. పాలామె ఆవును వీధి చివర కట్టేసి తానొక్కతే నడిచి వచ్చింది. నాయన రెండు నెలలుగా ఎదురుచూసిన జనం ఇంట్లో పట్టలేదు. మీకెవరు చెప్పారని ఆయన అవ్వను అడిగాడు.

అవ్వ వాకిలి వైపు చూసింది. నాయన కూడా చూశాడు. చూసి, ఆ గుమ్మంలోనే కూలబడ్డాడు. అమ్మ మాత్రం ఆయన వైపు తిరగలేదు.