అవ్వ కషాయం, ఎలుకల గుండె

మా అవ్వకు అప్పుడప్పుడు గుండె దడ వచ్చేది. జైనూర్ దిక్కు నుంచి వచ్చిన మందుల మనిషి తెల్లమద్ది చెక్క ఇచ్చి, చిటికెడు పొడి కాచి తాగమన్నాడు. ఎక్కువ తాగితే తొందరగా తగ్గుతుందని అవ్వ గుప్పెడు వేసి చెంబెడు తాగేది. నాకు భయమేసింది.

గ్రంథాలయంలో దొరికిన ఏ పుస్తకాన్నీ వదలని నేను, ఒకరోజు విజ్ఞాన పత్రికలో అలాంటి సంగతే చదివాను. ఏదో చెట్టు సారం కొద్దిగా పట్టించిన ఎలుకల గుండె బాగానే ఉందట. మోతాదు మించిన వాటి గుండె కండ మాత్రం వాచి, పోగులు తెగి కనిపించిందట. పరుగున ఇంటికొచ్చి, పంతులులా నిలబడి అంతా చెప్పాను.

అవ్వ చెంబు చేతిలో పట్టుకొనే అడిగింది: "గా ఎలుకల గుండె లోపట ఎట్లున్నదో వాళ్లకెట్ల తెలిసిందిరా?"

"కోసి చూసిండ్రవ్వా."

"మరి గవి మందుకు సచ్చినయా, కోస్తే సచ్చినయా?"

దానికి జవాబు పత్రికలో లేదు. పక్కనే ఉన్న మా బాపు పడీపడీ నవ్వాడు. నేను మొహం మాడ్చుకొని కూర్చున్నాను. అవ్వ నన్నొకసారి చూసి, సగం కషాయం పెరట్లో పారబోసింది.

"ఫికర్ చెయ్యకు, రేపటి సంది చిటికెడే. లేకుంటే నన్ను గూడ కోసి చూసేటట్టున్నవ్."