సెలవు కోసం చెప్పిన చావు కబురు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. ఈ ఒక్క సంగతి దగ్గర తప్ప ఇప్పటికీ నవ్వుతాను. తిరుపతిలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పొద్దున లేస్తే సూదులు, సీసాలు, పరగడుపున వచ్చి విసుక్కునే జనం. పరీక్ష చేసి చూడకుండా దేన్నీ నమ్మే అలవాటు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

చంద్రగిరి వెళ్లే దారిలో, ఊరికి ఎడంగా వేసిన లేఅవుట్‌లో ఉంది మా ఇల్లు. సగం ప్లాట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. పట్టపగలు కూడా అలికిడి ఉండదు. ఇంట్లో నేను, మా ఆయన మురళి, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి హారిక, మా అత్త మునెమ్మ ఉంటాం. మురళికి రేణిగుంటలో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్ పని.

తిరుపతిలో కాపురం చేసేవాళ్లకు శనాదివారాలు ఉండవు. అవి బంధువులవి. శుక్రవారం సాయంత్రానికి సంచులతో దిగుతారు. తెల్లారేలోపు మా బాత్రూమ్ ముందు వరస కడతారు. దర్శనం చేసుకుని గుండ్లతో వచ్చి, మా మంచాల మీద పడి నిద్రపోయి, పోయేటప్పుడు మా చేతిలోనే ఒక లడ్డూ ముక్క పెట్టి దీవించి పోతారు. వాళ్ల తడి పంచెలు ఆరేయడానికి మా మిద్దె మీద తీగలు చాలవు. నాకు భక్తి లేదని కాదు, ఓపిక లేదు.

ఆ ఏడు హారిక అలిగింది. క్లాసులో అందరూ ఎక్కడెక్కడికో వెళ్లొచ్చి ఫొటోలు చూపిస్తున్నారట. ఇది మాత్రం తిరుమల తప్ప ఇంకో కొండ చూసింది లేదు. సరే, ఈసారి హార్సిలీ హిల్స్ వెళ్దామని ముగ్గురం గట్టిగా అనుకున్నాం. శనివారం తెల్లవారుజామునే కారులో బయలుదేరాలి, రాత్రి అక్కడే ఉండి ఆదివారం సాయంత్రానికి ఇంటికి రావాలి. గది బుక్ చేశాం. హారిక స్వెట్టర్ కొనిపించుకుంది. వారం రోజులు ఇంట్లో ఇంకో మాట లేదు.

అత్తను కూడా రమ్మన్నాం. గట్టిగా అనలేదు, నిజం చెప్పాలంటే. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆమెకు వాంతులవుతాయి. "మీరు పోయి రాండి, నేను ఇల్లు సూసుకుంటా" అంది. మాకు దారిలో తినడానికి చిత్రాన్నం తనే కలిపి ఇస్తానంది. ఆ మాటకు మాకు ప్రాణం లేచి వచ్చింది.

అత్త గురించి ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. మా మామ చెంగల్రాయుడు చిత్తూరు నుంచి బెల్లం లోడ్లు తోలే లారీ డ్రైవరు. మా పెళ్లికి ముందే ఒకరోజు ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. గొడవా లేదు, అప్పూ లేదు. తిరువణ్ణామలైలో సాధువుల్లో చూశామని ఒకరిద్దరు చెప్పారు. ఇన్నేళ్లయింది కదా, దర్భతో బొమ్మ చేసి కర్మ చేసేయమని పెద్దలు చాలాసార్లు పోరారు. అత్త ఒప్పుకోలేదు. పొద్దున్నే స్నానం చేసి, రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు పెట్టుకుని, చేతినిండా గాజులతోనే తిరిగేది. ఆమెకున్న ఆస్తి అదొక్కటే. అది మా అందరికీ తెలుసు.

గురువారం సాయంత్రం మా బావ, అంటే మా అక్క మొగుడు, నాయుడుపేట నుంచి ఫోన్ చేశాడు. శుక్రవారం ఆరుగురం వస్తున్నాం, శనివారం దర్శనం అన్నాడు. మురళి గదిలోకి వచ్చి తలుపు వేసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి నా ముఖం చూశాడు. హారికకు అమ్మవారు పోసిందని, బోరు ఎండిపోయిందని, ఇంటికి రంగులు వేస్తున్నారని, అన్నీ ఇదివరకే వాడేశాం. బావ దగ్గర చెప్పని సాకు ఏదీ మిగల్లేదు.

"ఈసారి కుదరదన్నా, మాకు మైల" అన్నాడు మురళి.

మైల ఉన్న ఇంట్లో నీళ్లు తాగినా కొండ ఎక్కకూడదని మావాళ్ల పట్టింపు. దానికి తిరుగులేదు. అయితే బావ మా సంబంధం కుదిర్చిన మనిషి. మురళి వాళ్ల దాయాదుల పేర్లన్నీ వేళ్ల మీద చెప్పగలడు. "ఎవరప్పా పోయినారు?" అని అడిగాడు.

మురళి "మా నాయన" అన్నాడు. తిరువణ్ణామలైలో పోయాడని, దిక్కులేని శవమని వాళ్లే అక్కడ కాల్చేశారని, కబురు ఇప్పుడే వచ్చిందని అల్లేశాడు. "అమ్మకింకా చెప్పలేదన్నా, మెల్లగా చెప్తాం. మీరెవురూ రావద్దండి" అని గొంతు కూడా తగ్గించాడు.

ఫోన్ పెట్టేశాక ఇద్దరం నోరు మూసుకుని నవ్వాం. ఏడాది పాటు బంధువుల పీడ వదిలింది అన్నాడు. ఉన్నాడో లేడో తెలియని మనిషి, చంపితే ఎవరికి నష్టం అన్నాడు. ఆ మనిషి చస్తే తన తల్లి ముండమోయాలన్న సంగతి కన్నకొడుకుకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఆ టైమ్‌లో అత్త హాల్లో టీవీ పెద్దగా పెట్టుకుని ఉంది. ఆమెకు చెవులు కొంచెం మందం. గది తలుపు మూసి ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. ఇవి గుర్తుపెట్టుకోండి. ఆమె విన్నదేమోనని నేను తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను.

శనివారం చీకటితోనే వెళ్లిపోయాం. అత్త గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. తలలో కనకాంబరాలు పెట్టుకుంది. మదనపల్లె దాటాక మురళి రెండు ఫోన్లూ ఆపేసి డాష్‌బోర్డులో పడేశాడు. పైన చలిగా, హాయిగా ఉంది. నీలగిరి చెట్ల కింద హారిక గంతులు వేసింది. మధ్యాహ్నం ఒక బండ మీద కూర్చుని అత్త కలిపిన చిత్రాన్నం తిన్నాం. అంత బాగా నేనెప్పుడూ తినలేదు.

ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేసరికి మా గేటు ముందు బావ కారు ఉంది. దొరికిపోయాంరా దేవుడా అనుకున్నాను. మా అక్క, వాళ్లత్త వరండాలో కూర్చుని ఉన్నారు, బావ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

లోపల చాప మీద అత్త కూర్చుని ఉంది. నుదుటి మీద బొట్టు లేదు. ఇన్నేళ్లు బొట్టు ఉన్నచోట చర్మం తెల్లగా, గుండ్రంగా కనిపిస్తోంది. చేతులకు గాజుల్లేవు. పక్కన ఇత్తడి గిన్నెలో పాలు, పాలలో తాళిబొట్టు. హారిక "అవ్వా, నీ బొట్టేదీ?" అని గట్టిగా ఏడ్చేసింది.

అక్క నన్ను పక్కకు లాగి పళ్లు కొరికింది. "మామ పోతే రాకుండా ఎట్లుంటాం? పొద్దున వచ్చి సూస్తే ఆమె ఒక్కటే ఇట్ల కూర్చోనుండాది. అన్నీ ఆమే తీసేసుకునిందంట. యాడికి పోయినారంటే, పిల్ల ఆశపడింది, కొండ సూసేదానికి పోయినారు అనింది. మీరు మనుషులేనా?"

అంటే వీళ్లు చెప్పలేదు. వీళ్లు వచ్చేసరికే ఆమె బొట్టు తీసేసింది.

మురళి ఆ క్షణాన నిజం చెప్పి ఉండొచ్చు. బావ ముఖం చూశాడు, నా ముఖం చూశాడు, గోడ పక్కన కూలబడి ఏడ్చాడు. మహా బాగా ఏడ్చాడు. బావ భుజం తట్టి ఓదార్చాడు. కర్మలు ఎక్కడ చేయాలో, మంగలికి ఎవరు చెప్పాలో మాట్లాడుకుని వాళ్లు వెళ్లిపోయారు. నాకు నా మొగుణ్ణి చూస్తే అసహ్యం వేసింది.

సోమవారం హారికను బడికి పంపాక, మురళి కుంకుమ భరిణె తీసుకుని అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మొత్తం చెప్పేశాడు. ఆమె టమాటాలు తరుగుతూ విన్నది. ఆశ్చర్యపోలేదు, కత్తిపీట కూడా ఆపలేదు.

"నాకు తెలుసు నాయనా. మీ నాయన వచ్చి చెప్పినాడు" అంది.

మిగతాది కూడా ఆమే చెప్పింది. "శనివారం మద్యానం వచ్చినాడు. గేటుకాడ నిలబడుకోనుండాడు. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్టు మీద ఆకేసి అన్నం పెట్టినా, తిన్నాడు. నాయుడుపేట షడ్డకుడు గట్టిగా అడిగితే మనోడు నా పేరు చెప్పినాడు, ఆడనే కాల్చేసినారని కూడా చెప్పినాడు, ఇంక నేనుండేది బాగుండదు అన్నాడు. పసుపూ కుంకుమా తీసెయ్యమని ఆయనే చెప్పినాడు."

నేను లేచి ఎదురింటికి పోయాను. అక్కడ ఉండే డేవిడ్ గారు రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఊరి కబుర్లు పట్టించుకోరు. నేనేమీ చెప్పకుండా, శనివారం మా ఇంటికి ఎవరైనా వచ్చారా అని మాత్రం అడిగాను. వచ్చారమ్మా అన్నారు. బక్కపలచని ముసలాయన, భుజాన తుండు, మెట్టు మీద కూర్చుని అన్నం తిన్నాడట. మీ అత్తగారు నిలబడి వడ్డించారు, ఎవరమ్మా అని అరిస్తే మా ఇంటాయన అన్నారు అని చెప్పారు. డేవిడ్ గారు లోపలికి పోయి మాత్ర వేసుకుని వచ్చేసరికి ముసలాయన లేడు. అత్త ఒక్కతే మెట్టు మీద గాజులు పగలగొట్టుకుంటోంది. మా వీధి రెండువైపులా తిన్నగా, ఖాళీగా ఉంటుంది. నడిచి పోయే మనిషి చాలాసేపు కనిపించాలి.

మా చెత్తబుట్ట కూడా చూశాను. ఎంగిలాకు ఉంది. అత్త ఎప్పుడూ కంచంలోనే తింటుంది.

ఈ సంగతి చెప్పగానే మురళికి ప్రాణం లేచి వచ్చింది. "సూడమ్మా, చచ్చినోడు అన్నం తింటాడా? నాయన బతికే ఉండాడు. బొట్టు పెట్టుకో" అని భరిణె ఆమె చేతిలో పెట్టబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అట్లయితే పోయి పిల్సుకోని రా. ఆయన ఎదురుగ్గా పెట్టుకుంటా."

మరుసటి రోజే మురళి తిరువణ్ణామలై వెళ్లాడు. పాత ఫొటో పట్టుకుని గిరిప్రదక్షిణ దారి అంతా తిరిగాడు. చివరికి టీ బంకు నడిపే ఒకామె ఫొటో చూసి గుర్తుపట్టింది. తెలుగు తాత, చాలా ఏళ్లుగా ఇక్కడే మంటపం కింద ఉండేవాడు అంది. గురువారం సాయంత్రం టీ తాగుతూ తాగుతూ గ్లాసు కింద పెట్టేశాడట. దుప్పటి, చెంబు పక్కవాళ్లకు ఇచ్చేశాడట. ఎక్కడికి తాతా అంటే, మా ఇంట్లో నా పని అయిపోయింది అన్నాడట. ఎటు పోయాడో ఆమె చూడలేదు. పోలీసుల దగ్గర, ఆసుపత్రుల్లో, శ్మశానంలో అడిగాడు. అలాంటి శవం ఎక్కడా రాలేదు.

నాకు చేతనైనంత ఆలోచించాను. అత్త మా మాటలు తలుపు సందులోంచి విన్నదేమో. ఆ మెట్టు మీద తిన్నది ఎవరో దారినపోయే ముసలివాడేమో. ఆ రెండూ ఎలాగో సర్దుకోవచ్చు. మా పడకగదిలో మేం నోరు మూసుకుని నవ్విన సాయంత్రమే, అంత దూరాన ఒక మనిషి టీ గ్లాసు కింద పెట్టి లేచిపోవడం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆయన ఉన్నాడో లేడో ఈ రోజుకీ తెలియదు.

మురళి తిరిగొచ్చిన సాయంత్రం అత్త వరండాలోనే కూర్చుని ఉంది. గేటు చప్పుడు విని లేచి నిలబడింది. చేతిలో కుంకుమ భరిణె ఉంది. అది ఆమె ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. మురళి లోపలికి వచ్చాడు. ఆమె అతన్ని చూడలేదు. అతని భుజం మీదుగా వెనక్కి, వీధిలోకి చూసింది. చాలాసేపు చూసింది.

ఆ తర్వాత భరిణె మూత బిగించి నా చేతికిచ్చింది.

"పోయి గుండు కొట్టించుకో నాయనా" అంది.

మురళి చెప్పులు కూడా విడవకుండా మళ్లీ గేటు తీసుకుని బయటికి నడిచాడు.