కొండకు తెలిసిన హారన్

పాత బళ్ళంటే నాకు పిచ్చి. నర్సీపట్నంలో ఒక ముసలి జీపు కనిపిస్తే, ఎటు పోతుందో కూడా అడక్కుండా డ్రైవర్ సన్యాసిరావు గారి పక్కన ఎక్కి కూర్చున్నాను. ఘాట్ మొదలయ్యేసరికి నా ఉత్సాహం చల్లారిపోయింది. ఇంజను మార్చారట, బాడీ మార్చారట, సీట్లూ మార్చారట.

“మరి ఇందులో పాతది ఏముందండీ?” కాస్త చిరాగ్గానే అడిగాను.

ఆయన చేత్తో నొక్కే రబ్బరు హారన్ చూపించారు. “ఇదొక్కటేనండి. ఓపాలి కొత్తది బిగించాను. సంతరోజు ప్రతి మలుపులోనూ కొట్టాను, కొండమీంచి ఒక్కరూ దిగలేదు. ఎవరి జీపో అనుకున్నారు. ఆస్పత్రికెళ్ళాల్సిన మనిసి కూడా ఉండిపోయాడు. మర్నాడే పాతది పెట్టీసేను.”

తర్వాతి మలుపులో జీపు ఆపి హారన్ రెండుసార్లు నొక్కారు. పైనుంచి ఎవరిదో కేక వినిపించింది. ఆయన ఇంజను కట్టేశారు. చాలాసేపటికి ఒక ముసలామె చింతపండు మూటతో దిగివచ్చి, ఏమీ ఆలస్యం కానట్టే ఎక్కి కూర్చుంది.

నాకు ముచ్చటేసింది. “వచ్చే మలుపులో నేను నొక్కనా?” అన్నాను.

“వద్దండి బాబూ,” అన్నారాయన. “మీ సెయ్యి ఆళ్ళకి తెలీదు. దిగరు.”