టైపిస్టమ్మకు కీబోర్డు కలిసిన రోజు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. ముప్పై నాలుగేళ్ళు ఒకే లాయరుగారి ఆఫీసులో టైపు కొట్టింది కాబట్టి పాలు పోసేవాడి దగ్గర్నుంచి ఇంటి ఓనరు దాకా అందరికీ టైపిస్టమ్మే. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు, బట్టలారేసుకోవడానికి చారెడు బాల్కనీ. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక ఆ ఇంట్లో మాటలకు పని లేకుండా పోయింది. మరీ ఊసుపోకపోతే కుక్కరుతోనో, బిగుసుకుపోయిన కిటికీ గొళ్ళెంతోనో మాట్లాడేది. గొళ్ళెంతో మాత్రం ఎప్పుడూ తగువే.

ఆవిడ వేళ్ళ గురించి ముందే చెప్పాలి. తన గురించి తాను గొప్పగా చెప్పుకోవాలంటే ఆవిడకు అవి తప్ప ఇంకేం లేవు. లాయరుగారు గదిలో అటూ ఇటూ పచార్లు చేస్తూ ఎంత వేగంగా చెబితే అంత వేగంగా, మీటల వైపు కన్నెత్తి చూడకుండా కొట్టేది. మీటలు చూసి కొట్టడమంటే ఆవిడ దృష్టిలో నేరం. ఆయన దగ్గితే ఆగేది, దగ్గు తగ్గితే సాగేది. ఆయన తప్పు చెబితే ఆ తప్పే కొట్టి, పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేది. ఆయన ఆ చుక్క చూసి నాలిక కరుచుకునేవాడు. అన్నేళ్ళలో ఆవిడ కొట్టిన లక్షల మాటల్లో తన సొంత మాట ఒక్కటి కూడా లేదు. పాపం, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆవిడతో సహా.

రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు ఒక టాబ్లెట్ బహుమతిగా ఇచ్చారు. బావుంది, మెరుస్తోంది, కానీ ఆ గాజు పలక మీద ఆవిడ విద్య ఎందుకూ కొరగాకుండా పోయింది. పది వేళ్ళూ ఆనించగానే తెర మీద చిందరవందరగా ఏవేవో అక్షరాలు పడేవి. చివరికి చూపుడువేలు ఒక్కటీ చాపి కోడిపెట్ట గింజ పొడిచినట్టు పొడవడం నేర్చుకుంది. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో పొడిచేది. నాలుగు మాటలు రాసేసరికి టీ చల్లారిపోయేది. అందుకే ఎవరేం రాసినా జవాబు 'సరే', లేదా 'బాగున్నా'. నిజానికి రాసేవాళ్ళు మాత్రం ఎంతమంది? ఏడాదికి రెండుసార్లు 'బాగున్నావా' అని అడిగే చెల్లెలొక్కతే.

ఆ చెల్లెలు, తల్లి పోయిన దగ్గర్నుంచి ఈ ఇంటి గడప తొక్కలేదు. ఉండేది ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళోనే. అలాంటిది తొమ్మిదేళ్ళ తర్వాత ఒకరోజు పొద్దున్నే ఇలా రాసింది:

"అక్కా, అమ్మ చివరి రోజుల్లో ఏం జరిగిందో నాకు రాయి. ఫోన్లో వద్దు, ఫోన్లో మాటా మాటా పెరుగుతుంది మనకి. తీరిగ్గా కూర్చుని మొత్తం రాయి."

టైపిస్టమ్మ టాబ్లెట్‌ను బల్ల మీద బోర్లా పెట్టేసింది. దాచడమెందుకు, సంగతి ఇదీ: తల్లిని నాలుగేళ్ళు ఆవిడే కనిపెట్టుకుని ఉంది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు 'ఇక రెండు మూడు రోజులే, అయినవాళ్ళను పిలుచుకోండి' అన్నాడు డాక్టరు. 'పరిస్థితి బాగోలేదంటే ఒక్క ఫోన్ కొట్టు, ఉన్నపళంగా బయలుదేరతాను' అని చెల్లెలు అంతకుముందే చెప్పి ఉంది. ఈవిడ ఫోన్ చెయ్యలేదు. తల్లి కళ్ళు తెరిచినప్పుడల్లా 'చిన్నది వచ్చిందా?' అనే అడిగేది. 'దారిలో ఉందమ్మా' అని ఈవిడ చెప్పేది. రెండు రోజులు అదే ప్రశ్న, అదే జవాబు. అంతా అయిపోయాక ఫోన్ చేసి, హఠాత్తుగా జరిగిపోయిందని చెప్పింది.

ఎందుకలా చేసింది? కుళ్ళు. అంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు. నాలుగేళ్ళు పక్కగుడ్డలు మార్చింది తను. అమ్మ మొహం విప్పారేది మాత్రం చిన్నది సంచీ తగిలించుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు. ఆ చివరి రెండు రోజులైనా అమ్మ తనదిగా ఉండాలనుకుంది. ఇది ఎవరికీ తెలియదనీ, చెల్లెలు రావడం మానేసింది అమ్మ లేని ఇంట్లో దానికేం పని లేకేననీ తనకు తాను నచ్చజెప్పుకుంది. ఇప్పుడు నిజం చెబితే ఉన్న ఒక్క తోడబుట్టిందీ పోతుంది. చెప్పకపోతే మళ్ళీ అబద్ధమాడాలి, ఈసారి రాతపూర్వకంగా.

ఇరవై నిమిషాలు పొడిచి జవాబిచ్చింది: "ఈ అద్దం మీద నాకు రాయడం చేతకాదే. కీబోర్డు కొనుక్కుని రాస్తా."

పైకి నిఖార్సైన నిజమే. కానీ ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు, అది సాకు. వారం గడిచింది. ఎల్లుండి కొంటా, ఫస్టు తారీఖున కొంటా అని మీనమేషాలు లెక్కపెట్టింది. పన్నెండో రోజున చెల్లెలు మళ్ళీ రాసింది: "ఇష్టం లేకపోతే వద్దులే అక్కా. ఇదే ఆఖరు. ఇంక అడగను." ఆ సాయంత్రమే టైపిస్టమ్మ వెళ్ళి, వైరు లేని కీబోర్డు ఒకటి కొనుక్కొచ్చింది.

ఆదివారం అన్నం తిని, బల్ల తుడిచి, టాబ్లెట్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి నిలబెట్టి, కీబోర్డు ముందు పెట్టుకుంది. మీట నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. తిరగేసి చూస్తే బ్యాటరీ దగ్గర పల్చటి ప్లాస్టిక్ ముక్క బయటికి వేలాడుతోంది. దాన్ని లాగి పారేసింది. అప్పటికీ లేదు. వెనకాల గోరంత స్విచ్చు కనిపించింది. అది జరిపాక మూలన నీలం లైటు మిణుకుమంది. 'లేచావా మహాతల్లీ' అంది. టాబ్లెట్లో బ్లూటూత్ తెరిస్తే ఒక జాబితా వచ్చింది. కింది వాటాలో టీవీ, ఎవరివో ఇయర్‌ఫోన్లు, ఎవరిదో వాచీ, 'బుజ్జిగాడి స్పీకర్'. తన గోడల అవతల ఇంతమంది ఇంత దగ్గరగా ఉన్నారా! బుజ్జిగాడెవరో ఆవిడకు తెలియదు. వాళ్ళెవరి జాబితాలోనైనా తన పేరు ఉంటుందా అని ఒక్క క్షణం అనిపించింది. అన్నిటికంటే అడుగున కీబోర్డు పేరు కనిపించింది.

దాన్ని తాకగానే తెర మీద ఆరంకెల నంబరు వచ్చింది. ఈ అంకెలు కీబోర్డు మీద కొట్టి ఎంటర్ నొక్కండి అంది. ఇంతేనా! ఆవిడ నంబరు వైపే చూస్తూ కళ్ళు తిప్పకుండా టకటకా కొట్టేసి ఎంటర్ నొక్కింది.

'నంబరు తప్పు. కలపడం కుదరలేదు.'

ఇంకో నంబరు వచ్చింది. ఈసారి నెమ్మదిగా కొట్టింది. తప్పు. మూడోసారి పెదవులతో చదువుకుంటూ కొట్టింది. తప్పు. నాలుగోసారీ తప్పే. కొట్టిన అంకెలు తెర మీద కనబడవు కాబట్టి పొరపాటెక్కడో తెలిసే దారి లేదు. ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ కొట్టినదాన్ని తప్పన్న మనిషి లేడు. ఈ చిన్న పెట్టె మొహమాటం లేకుండా నాలుగుసార్లు అంది. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట వెనకే, సిగ్గులేకుండా, ఒక చల్లటి ఊరట కూడా వచ్చింది. తన ప్రయత్నం తాను చేసింది కదా? వేలు చాపి గాజు మీద పొడవడం మొదలుపెట్టింది: "కీబోర్డు కలవడం లేదే. తర్వాత..."

పైన చెల్లెలి ఆఖరి మాట అలాగే ఉంది. ఇంక అడగను. అది చిన్నప్పటి నుంచీ అంతే, మాటంటే మాటే. పొడిచినదంతా చెరిపేసి, టాబ్లెట్టూ కీబోర్డూ తువ్వాల్లో చుట్టి, మెట్లు దిగింది.

కీబోర్డు అమ్మిన షాపులో యజమానురాలు ఒక్కతే ఉంది. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని, అదే కళ్ళజోడు కోసం కౌంటరంతా వెతుకుతోంది.

"నెత్తి మీదుంది," అంది టైపిస్టమ్మ. "ఈ కీబోర్డు పాడైపోయింది. మార్చి ఇవ్వండి."

షాపావిడ కళ్ళజోడు దించుకుని, కీబోర్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "బానే ఉందే. ఏదీ, నా ముందు కొట్టండి."

నంబరు వచ్చింది. టైపిస్టమ్మ కొట్టింది. తప్పు.

"ఆగండాగండి. మళ్ళీ కొట్టండి, నేను మీ చేతులు చూస్తా." షాపావిడ వంగింది. రెండోసారి కొడుతుండగా గబుక్కున ఆవిడ మణికట్టు పట్టుకుంది. "ఇదిగో, ఇక్కడ. ఒకటి అంకె కదా వచ్చింది? మరి మీ కుడిచేతి ఉంగరం వేలు ఎందుకు కదిలింది? ఒకటి ఇక్కడుందమ్మా, ఈ ఎడమ చివర."

టైపిస్టమ్మ తన వేలి వైపు పరాయి మనిషిని చూసినట్టు చూసింది. అది చిన్న ఎల్ అక్షరం మీద ఉంది. ఇందాకటి నుంచి వచ్చిన ప్రతి నంబరులోనూ ఎక్కడో ఒకచోట ఒకటి అంకె ఉంది.

"మా మిషన్‌కి ఒకటి లేదండీ," అంది మెల్లగా.

"ఒకటి లేకపోవడమేమిటి?"

"అంకెలు రెండు నుంచి మొదలయ్యేవి. ఒకటి కావాలంటే చిన్న ఎల్ కొట్టేవాళ్ళం. కాగితం మీద రెండూ ఒకేలా ఉంటాయి. తర్వాత ఆఫీసులో కంప్యూటరొచ్చినా నా వేలికి ఆ అలవాటు పోలేదు. ఎవరూ పట్టుకోలేదు కూడా."

"అంటే ఇన్నేళ్ళూ లేనిదాన్ని ఉన్నట్టు కొట్టేశారన్నమాట!" షాపావిడ పకపకా నవ్వింది. "భలేవారే! కాగితం కాబట్టి ఊరుకుంది, ఇది ఊరుకోదు. ఆ చివరిది కొట్టండి."

టైపిస్టమ్మ నవ్వలేదు. జీవితంలో మొదటిసారి మీటల వైపు చూస్తూ, ఒక్కొక్క అంకే వెతుక్కుంటూ కొట్టింది. 'కలిసింది' అంది తెర.

"ఎవరికి రాస్తారేమిటి ఇంత పట్టుదలగా?" అంది షాపావిడ, తువ్వాలు చుట్టి ఇస్తూ.

"మా చెల్లెలికి."

"అదృష్టవంతురాలు. మా అక్క నా ఫోనే ఎత్తదు."

టైపిస్టమ్మ తువ్వాలు మూట చంకన పెట్టుకుని బయటపడింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. కుర్చీలో కూర్చుని పది వేళ్ళూ మీటల మీద పెట్టింది. వేళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఇక అద్దం మీదా, నంబరు మీదా, పెట్టె మీదా నెట్టడానికి ఏమీ మిగల్లేదు. మొదటి వాక్యం దానంతటదే వచ్చిపడింది: 'సదరు తేదీన మా తల్లిగారిని ఆసుపత్రి నందు చేర్పించడమైనది.' చదువుకుని ఆవిడకే నవ్వొచ్చింది. చెరిపేసింది. తర్వాత ఇంకేం రాలేదు. వేళ్ళు ఎవరో చెబుతారని ఎదురుచూస్తున్నాయి. చెప్పేవాళ్ళు ఆ గదిలో లేరు. ఇన్నేళ్ళ ఒంటరితనం ఒక ఎత్తు, ఆ నిమిషం ఒక ఎత్తు.

చాలాసేపటికి లేచింది. లాయరుగారిలాగే చేతులు వెనక్కి కట్టుకుని, కిటికీకీ వంటింటికీ మధ్య పచార్లు మొదలుపెట్టింది. పైకి, గట్టిగా, ఒక వాక్యం చెప్పింది. గబగబా వచ్చి కూర్చుని దాన్ని కొట్టింది. మళ్ళీ లేచి ఇంకో వాక్యం చెప్పింది. గొంతు వణికినచోట ఆగింది, వణుకు తగ్గాక సాగింది. అలా గంట పట్టింది.

"డాక్టరు నాకు రెండు రోజుల ముందే చెప్పాడు. నీకు ఫోన్ చెయ్యమన్నాడు. నేను చెయ్యలేదు. అమ్మ నీకోసం అడుగుతూనే ఉంది. దారిలో ఉన్నావని చెప్పాను. పోయేదాకా అదే చెప్పాను. మర్చిపోయి కాదు, కంగారులో కాదు. నువ్వొస్తే అమ్మ నావైపు చూడదని చెయ్యలేదు. నీకు హఠాత్తుగా అని చెప్పింది అబద్ధం. నన్ను క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదే."

చదువుకుంది. ఎక్కడా చుక్క పెట్టాల్సిన తప్పు కనబడలేదు. ఎంటర్ నొక్కింది.

చెల్లెలు చదివినట్టు గుర్తు వెంటనే వచ్చింది. జవాబు రాలేదు. కింద ఎవరో పిల్లాణ్ణి స్నానానికి కేకేశారు. టైపిస్టమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తనకిక ఎవరూ లేరన్నదానికి మనసును అలవాటు చేసుకుంటూ కూర్చుంది. పావుగంటకు తెర వెలిగింది.

"తెలుసక్కా. అమ్మ పోయిన రోజు నేనొచ్చినప్పుడే, ఆసుపత్రిలో పక్క మంచం ఆవిడ కూతురు నాకు చెప్పింది. నువ్వే చెప్తావని చూశాను. నువ్వు చెప్పాక వద్దామనుకున్నాను."

ఆవిడ దాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. అమ్మ రెండు రోజులు ఎదురుచూసింది. చిన్నది తొమ్మిదేళ్ళు. టైపిస్టమ్మ బల్ల మీద తల వాల్చి, అమ్మ పోయినప్పుడు కూడా ఏడవనంతగా, బిగ్గరగా, గోడల అవతలివాళ్ళు వింటే విననీ అన్నట్టు ఏడ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, నిలబడే కొట్టింది:

"రేపు పొద్దున బస్సుకి వస్తున్నా."

ఈసారి జవాబుకు ఎక్కువసేపు పట్టలేదు.

"రా. రాగానే నీతో మాట్లాడతానని మాత్రం అనుకోకు."