తేట నీళ్ళు

నిన్న ఏలూరులో మా ఇంటికి వాటర్ ఫిల్టర్ బిగించడానికొచ్చిన మెకానిక్, గ్లాసెత్తి కిటికీ వెలుగులో పెట్టి "చూడండి మేడమ్, ఎంత తేటగా ఉన్నాయో!" అన్నాడు. మా బావగారు గుర్తొచ్చారు. గ్లాసు అందుకుని పక్కన పెట్టేశాను.

బావగారిది కామవరపుకోట. మెట్ట మనిషి, లోతు బోరు నీళ్ళు తాగి పెరిగినాయన. అక్కని చేసుకుని దెందులూరు దగ్గర మా ఊరికి ఇల్లరికం వచ్చారు. కొల్లేటి వైపున్న చేపల చెరువు నాన్న ఆయన చేతిలో పెట్టారు. ఆ ఆకుపచ్చ నీళ్ళు చూస్తే ఆయనకి ఒళ్ళు జలదరించేది. "ఇందులో పెరిగినవాటిని ఎలా తింటారండీ బాబూ!" అనేవారు, పులుసు మాత్రం మారు వేయించుకునేవారు. మరదల్ని కదా, నేను ఊరుకుంటానా? తెగ ఏడిపించేదాన్ని. "నీళ్ళకి రంగుండాలండీ అల్లుడుగారూ" అన్నారు నాన్న ఒకసారి. ఎందుకుండాలో చెప్పలేదు. ఆయన నోట మాట రావడమే గొప్ప.

ఒక ఎండాకాలం, నాన్న ఊళ్ళో లేనప్పుడు, పాచి పోవాలని బావగారు చెరువులో మందు దండిగా చల్లించారు. నీళ్ళు తేటపడ్డాయి. మోచేతి దాకా చెయ్యి ముంచి, "అరచేతి గీతలు కూడా కనిపిస్తున్నాయి మరదలా!" అని సంబరపడిపోయారు. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

తర్వాత మబ్బు పట్టిన ఓ తెల్లవారుజామున చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలేశాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిప్పించాం, కాలవ నీళ్ళు తోడించాం. పొద్దెక్కేసరికి చెరువు నిండా తెల్లటి పొట్టలే. ఏలూరు ల్యాబులో నీళ్ళు పరీక్ష చేసినాయన నెమ్మదిగానే చెప్పాడు: "ఆ పచ్చదనమే చేపలకి ఊపిరండీ. మీ మందుకి అది చచ్చి అడుక్కి చేరింది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్ కాస్తా లాగేశాయి."

బావగారు మొలలోతు నీళ్ళలో దిగి చచ్చిన చేపల్ని తట్టలకెత్తుతూనే ఉన్నారు. అప్పటికి ఊరొచ్చిన నాన్న గట్టు మీద నిలబడి చూశారు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది! వానలు పడకముందే బావగారు అక్కని తీసుకుని కామవరపుకోట వెళ్ళిపోయారు. అక్కడ పామాయిల్ మొక్కలు పెట్టారు. పండక్కి వచ్చినా మా చెరువు వైపు తొంగి చూడలేదు.

చాన్నాళ్ళకి ఓ సాయంత్రం నాన్న ఉన్నట్టుండి అన్నారు: "నా మొదటి చెరువూ అలాగే పోయింది అమ్మాయ్. నేనూ మందే చల్లా. ఆవేళ అల్లుడుగారితో ఆ ముక్క అనుంటే, ఉండిపోయేవారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడైనా చెప్పండి నాన్నా!" అన్నాను.

"ఇప్పుడెందుకులే" అన్నారు.

అప్పటికే అక్కావాళ్ళ తోట గెలలేస్తోంది. చెరువైతే చేపలు పోయిన ఏటి వానల్లోనే రంగుకొచ్చేసింది. మా నాన్నకి ఆ మాట రావడానికి అన్నేళ్ళు పట్టింది.