మూడు బటన్లు

తెనాలిలో ఆ ఇన్సూరెన్సు కంపెనీ బ్రాంచి తెరిచిన నాటి నుంచీ ముందు కౌంటరు ఏసుపాదానిదే. రేపల్లె నుంచి పొద్దున పాసింజరు బండిలో వచ్చేవాడు. పల్లెటూళ్ల వాళ్లు బాండు పేపరు పట్టుకొచ్చి అర్థం కాలేదంటే, విసుక్కోకుండా విప్పి చెప్పేవాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక కూడా ఆ సీటు వదల్లేదు. ఎడమచేత్తో ఒక్కో అక్షరమే కొట్టుకుంటూ నెట్టుకొచ్చాడు.

రెండువేల ఆరులో హైదరాబాదు హెడ్డాఫీసు వాళ్లు అక్కడి నుంచే అన్ని బ్రాంచీల కంప్యూటర్లకీ ఒక కట్టడి పెట్టారు. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే కంప్యూటరు దానంతటదే లాకైపోతుంది. మళ్లీ తెరవాలంటే మూడు బటన్లు ఒక్కసారే నొక్కి, ఆపైన పాస్‌వర్డు కొట్టాలి. మిగతావాళ్లకి అదొక లెక్క కాదు. ఏసుపాదం ఎడమచేతి వేళ్లు మాత్రం రెండు బటన్లకి అందితే మూడోదానికి అందేవి కావు. ఎదుటి మనిషికి నాలుగు ముక్కలు వివరంగా చెప్పేలోపే లాకు పడేది. పక్క సీటు అనసూయ లేచొచ్చి ఆ మూడోది నొక్కేది. ఆవిడ ఏనాడూ మొహం చిట్లించలేదు. అయినా మాటిమాటికీ పిలవాలంటే అతనికి మొహమాటంగా ఉండేది.

మేనేజరు భరద్వాజ మంచివాడే. ఈ ఒక్క కంప్యూటరుకీ ఆ లాకు తీసెయ్యమని హైదరాబాదుకి ఫోన్ చేసి అడిగాడు. ఒకరికి తీస్తే అందరూ అడుగుతారు, కుదరదన్నారు వాళ్లు. పోనీ ఇక్కడే మార్చుకుందామంటే, బ్రాంచిలో ఎవరికీ ఆ సెట్టింగు మార్చే వీల్లేదు.

అనసూయ సెలవు పెట్టిన రోజున భట్టిప్రోలు నుంచి వెంకటరమణమ్మ అనే పెద్దావిడ వచ్చింది. చనిపోయిన భర్త పాలసీ పని. ఆవిడ ఏడుస్తూ చెబుతుంటే, చూపు తిప్పి మౌసు కదపడానికి అతనికి మనసొప్పలేదు. విని తిరిగేసరికి లాకు పడే ఉంది. వేళ్లు చాచి చూశాడు. పెన్ను నోట కరుచుకుని, వంగి, దాని కొనతో నొక్కబోయాడు. పెన్ను జారి కిందపడింది. వెనక లైన్లో వాళ్లు తొంగిచూస్తున్నారు.

"ఎక్కడ నొక్కాలో చెప్పు నాయనా," అంది ఆవిడ, కళ్లు తుడుచుకుని కౌంటరు మీదుగా చెయ్యి చాపుతూ.

అతను చూపించాడు. ఆవిడ నొక్కింది.

భరద్వాజ తన గది గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. ఆవిడ పని ముగించుకుని వెళ్లేదాకా ఆగి, ఏసుపాదాన్ని లోపలికి పిలిచాడు. బయటివాళ్ల చెయ్యి కంప్యూటరు మీద పడిందని పైకి తెలిస్తే ఇద్దరికీ ముప్పేనని నెమ్మదిగా చెప్పాడు.

"నేను చెయ్యగలిగిందేం లేదండి ఏసుపాదంగారూ. మిమ్మల్ని టపా సెక్షన్‌కి మారుస్తాను."

"అట్టాగేనండి," అన్నాడు.

టపా సెక్షనంటే వెనకగది. కవర్లు విప్పడం, ముద్రలెయ్యడం. అక్కడ కంప్యూటరూ లేదు, మనుషులూ లేరు. ఆ సంగతి భార్య రిబ్కాకి చాలారోజులు చెప్పలేదు. చర్చిలో ఎవరో అంటే ఆమెకి తెలిసింది.

"పోనీలెండి, ఆ చేతికి కాస్త విశ్రాంతి," అంది ఇంటికొచ్చాక.

"చేతికి పని ఉంది రిబ్కా. నోటికే లేదు."

ఆమె కంచం పెట్టింది. రిటైరయ్యేదాకా అతను ఆ గదిలోనే ఉన్నాడు.