డాక్టరమ్మ అడిగిన రుజువు

డాక్టరమ్మ పోయిందన్న కబురు నాకు హాలియాలో, మైకులు బాగుచేసే దుకాణంలో అందింది. దవాఖానలో ఆమె దగ్గర పనిచేసే చిన్న డాక్టరు ఫోన్ చేశాడు. పొద్దున నిద్ర లేవలేదట. గుండె ఆగిందట. అంతే చెప్పాడు. దుకాణం అతను తీగ బిగించి మైకు నా చేతికిచ్చి, "ఏదన్న మాట్లాడు అయ్యగారూ, గొంతు వస్తాందో లేదో చూద్దాం" అన్నాడు. నేను పట్టుకుని నిలబడ్డాను. "వస్తలేదా? గింత సేపు చేస్తిని గద" అని అతను మళ్ళీ విప్పబోయాడు. మైకు బాగానే ఉంది.

నాకు మాట రాలేదంటే నన్ను ఎరిగినవాళ్ళు నమ్మరు. బడి సగంలో మానిన పాస్టర్ని. బైబిలు వాక్యాన్ని నా అంతట నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. మైకు లేకున్నా వాడంతా వినిపించేలా చెప్పడం నాకు అలవాటు. ఎందరి సమాధుల దగ్గర నిలబడి మాట్లాడానో. ఈమె కోసం గ్రంథం తెరిస్తే అక్షరాలు కనబడుతున్నాయి, లోపలికి పోవడం లేదు. ఏడుపూ రాలేదు. అందుకని, గుర్తున్నది గుర్తున్నట్టు మీకు రాస్తున్నాను.

ఆమె పిల్లల డాక్టరు. పాలమూరు దిక్కు మనిషి. మా దిక్కు సర్కారు దవాఖానలో పిల్లల వార్డు చూసేది. నా బిడ్డను మేళ్లచెరువు వైపు ఇచ్చాం. ఏడాది నిండని నా మనవరాలు దగ్గుతో డొక్కలు ఎగరేస్తుంటే ఆ వార్డుకు తీసుకొచ్చాం. పిల్లను మంచం మీద పడుకోబెట్టగానే నేను చేతులెత్తి ప్రార్థన మొదలుపెట్టాను. నా ప్రార్థన చిన్నగా ఉండదు. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. ఒకామె వచ్చి నా పక్కన నిలబడింది.

"అయ్యగారూ, మీ దేవునికి మంచిగనే వినపడుతది గద?"

"వినపడుతది మేడం."

"అయితే జర మెల్లగ. పిల్ల ఏడిస్తే ఆయాసం ఎక్కువైతది."

నన్ను అట్లా ఆపినవాళ్ళు అంతకుముందు లేరు. కోపం రావలసింది. కాని ఆమె అప్పటికే నన్ను మరిచి, పిల్ల అంగీ పైకి జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడింది. పిల్ల ఏడుపు మానేదాకా, మానిన తర్వాత కూడా, ముట్టుకోలేదు. "ముందు చూడాలె అయ్యగారూ. ముట్టుకుంటే వాళ్ళ ఊపిరి మారిపోతది" అన్నది. తర్వాత మెడలోని స్టెతస్కోపు బిళ్ళను అరచేతిలో రుద్ది వెచ్చచేసి, "ఏం దొరసాని, నా మీద కోపమా?" అంటూ ఎదమీద పెట్టింది. ఆ వార్డులో ఆడపిల్లలందరూ ఆమెకు దొరసానులే. మగపిల్లలు పటేళ్ళు. కూలి చేసుకునే మావాళ్ళ పిల్లల్ని ఎవరైనా పటేలా అని పిలవగా నేను విన్నది అక్కడే. మట్టి బొమ్మ ముక్కుల్లో దేవుడు ఊపిరి ఊదిన సంగతి నేను ఎన్నోసార్లు గర్జించి చెప్పాను. ఒక్క ఊపిరిని అంతసేపు చూసిన మనిషిని ఆ రోజే చూశాను.

ఆ వార్డుకు ఒక నియమం ఉండేది. పాలిచ్చే వేళ తప్ప తల్లులు బయట వరండాలో ఉండాలి. లోపల పిల్ల ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మంచం మీద ఒక్కతే. తల్లి కనబడక ఏడుస్తుంది, ఏడుస్తూ గొట్టం పీకేస్తుంది, నర్సమ్మ వచ్చి మళ్ళీ పెడుతుంది. నా బిడ్డ తలుపు సందులోంచి చూస్తూ కూర్చునేది. నేను ఆగలేకపోయాను. వాచ్‌మన్ మీదికి పోయాను. పిల్లలను తెచ్చిన తల్లులను శిష్యులు అడ్డుకున్నారనీ, ప్రభువు ఆ శిష్యుల మీద కోపగించాడనీ వరండా అదిరేటట్టు చెప్పాను. ఆ వాచ్‌మన్, "నాకెందుకు చెప్తవ్ సారూ, నేనేమన్న శిష్యున్నా? ఔట్‌సోర్సింగోన్ని" అన్నాడు. తల్లులు కొందరు నవ్వారు.

చప్పుడుకు డాక్టరమ్మ బయటికి వచ్చింది. నన్ను పక్కకు పిలిచి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"మీరు గద్దిస్తే ఈ తలుపు ఒక్క దినం తెరుస్తరు. రుజువుంటే ఎప్పటికీ తెరుస్తరు. నేను గా రుజువు కోసమే తిరుగుతున్న."

అప్పుడు చెప్పింది. ఆమె ఒక పరిశోధన చేస్తోంది. మందులు, ఆక్సిజన్ పిల్లలందరికీ ఒక్కటే. కాని కొందరిని తల్లి ఒడిలోనే ఉంచి గొట్టం పెడతారు, కొందరిని ఎప్పటిలాగే మంచం మీద. ఎవరికి ఆయాసం తొందరగా తగ్గుతుందో చూస్తారు. ఎవరు ఎటు అన్నది మూసిన కవరులోని చీటీ చెబుతుంది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, వైద్యం ఆగదు.

చీటీ అనగానే నాకు ఒళ్ళు మండింది. "పసిపిల్ల మీద చీట్లేంది మేడం? ఒడే మంచిదని మీకు తెలుసు గద?"

"అనిపిస్తది. తెల్వదు. అనిపించుడు వేరు, తెలుసుడు వేరు. నేనే ఏరితే, జర మంచిగున్న పిల్లల్ని నాకు తెల్వకుండనే ఒడి దిక్కు పెడుత. నన్ను నేను నమ్మను అయ్యగారూ, గందుకే చీటీ."

 శిష్యులు కూడా ఒక స్థానానికి మనిషిని ఎంచవలసి వచ్చినప్పుడు చీట్లే వేశారని చివరికి నేనే చెప్పాను. "గట్లనా? మీరే నయం, మా పెద్ద డాక్టర్లకు చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది" అన్నది.

నా బిడ్డ ఒప్పుకుని వేలిముద్ర పక్కన సంతకం కూడా చేసింది. కవరు చింపారు. మంచం అని వచ్చింది. నా బిడ్డ మొహం చూడలేక నేను గోడవైపు తిరిగాను. ఆ మధ్యాహ్నం పిల్ల ఏడుపు వరండాలోకి వచ్చింది. నా బిడ్డ లేచి, వాచ్‌మన్‌ను దాటి లోపలికి పోయి, ఆ చిన్న మంచం మీదికి ఎక్కి కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పిల్లను ఒడిలోకి తీసుకుంది. గొట్టం సరిచేసింది. నర్సమ్మ అరిచింది. డాక్టరమ్మ వచ్చింది.

"ఏందమ్మా ఇది, చీటీ ఏం చెప్పింది?"

"చీటీకి పిల్లలున్నరా మేడం? నాకున్నది. కొడితే కొట్టండి, దిగను."

డాక్టరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పిల్ల ఏడుపు ఆగింది. ఆమె చాలాసేపు ఊపిరి చూసింది. "కూసో" అన్నది. "నువ్వు ఎక్కినవని రాస్త. కోపం చేసుకోను" అన్నది.

పిల్ల కోలుకుంది, ఇంటికి తీసుకుపోయాం. కాని నా బిడ్డను చూసిన తల్లులు ఊరుకోలేదు. ఒకామె ఎక్కింది, పక్కామె ఎక్కింది. కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళు చెప్పారు. పోను పోను మంచం చీటీ వచ్చిన తల్లులంతా మంచాల మీదే.

పరిశోధన ముగిశాక నన్ను కలిసినప్పుడు డాక్టరమ్మ అదే వరండాలో టీ తాగుతోంది. ఆమె తాగడమంటే, ఎప్పుడూ పోయించుకుని మాటల్లో పడి చల్లార్చి పారబోయడం. "తేడా కనపడలే అయ్యగారూ. అందరూ ఒడిల్లకే తీసుకునిరి. పోల్చెతందుకు ఉత్త మంచం మీద పిల్లే మిగల్లే" అన్నది. ఎక్కిన తల్లులను లెక్కలోంచి తీసేస్తే ఆమె కోరిన జవాబు వస్తుందేమోనని పైవాళ్ళెవరో సలహా ఇచ్చారట. "ఎట్ల తీస్త? వాళ్ళు ఎక్కింది నిజమే గద" అన్నది. ఒప్పుకోలేదు. రుజువు దొరకలేదనే రాసి పంపింది. అది రాయడానికి ఎంత కష్టమైందో ఆమె చెప్పలేదు. ఆ టీ మాత్రం ఆ రోజు పారబోయలేదు, చల్లగానే తాగేసింది. తర్వాత, "మళ్ళ చేస్త. ఈసారి తల్లులు ఏమంటరో ముందు వాళ్ళనే అడిగి చేస్త" అన్నది. మొన్న పండక్కి ఫోన్ చేసినప్పుడు కూడా ఆ మాటే. కాగితాలు సిద్ధం చేస్తున్నానన్నది.

పాలమూరులో ఆమెను చూసి వచ్చాను. అంత్యక్రియలు వాళ్ళ ఆచారం ప్రకారం జరిగాయి. ఆమె తమ్ముడు నన్ను గుర్తుపట్టి, "మీ గురించి అక్క చెప్పేది, ఒక్క మాట చెప్పండి" అన్నాడు. ఆమె ఎద మీద బంతిపూలు ఉన్నాయి. చూస్తూ నిలబడ్డాను. పూలు కదలడం లేదు. ఒక్క మాట కూడా చెప్పకుండానే పక్కకు తప్పుకున్నాను.

తిరిగి వస్తూ దవాఖాన దగ్గర దిగాను. ఎందుకు దిగానో నాకే తెలియదు. తల్లులు బయట ఉండాలన్న బోర్డు గోడకు అట్లాగే ఉంది. దాన్ని తీయించే రుజువు ఎవరూ తేలేదు. వార్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. పాలిచ్చే వేళ కాదు, డాక్టర్లు తిరిగే వేళ. వరండాలో మనుషులు లేరు. బెంచీలు ఖాళీ. తలుపు ముందు, ఎండలో, ఆడవాళ్ళ చెప్పులు. తెగితే పిన్నీసు పెట్టుకున్నవి, మడమ అరిగినవి, సిమెంటు దుమ్ము పట్టినవి, అన్నీ తలుపు వైపే తిరిగి ఉన్నాయి.